ఆ స్టీలు గ్లాసు గురించి

విజయవాడ

చిరంజీవికి,

నీ కథ అంది పది రోజులైంది. కంటి ఆపరేషన్ వల్ల ఆలస్యమైందని చెప్పొచ్చు, అదీ నిజమే. అసలు సంగతి కోపం. కథకి పిన్ను గుచ్చి పంపిన ఉత్తరంలో "సార్, ఇది నిజంగా జరిగిందే, వాడు ఇప్పుడు బెంగుళూరులో ఉద్యోగం చేసుకుంటున్నాడు, మొన్న సంక్రాంతికి ఫోన్ చేశాడు" అని రాశావు. కథలో చూస్తే పదకొండో పేజీకల్లా ఆ రూమ్మేటు లేడు. ప్రాణం తీసుకున్నాడు. సంక్రాంతికి ఫోన్ చేసినవాణ్ణి ఎందుకు చంపావయ్యా?

బాగున్నదేదో ముందే చెప్పేస్తాను, లేకపోతే మర్చిపోతాను. నాలుగో పేజీ. నీ రూమ్మేటు తనకి మగవాళ్ళంటేనే ఇష్టమన్న సంగతంతా చెప్పుకుని, నీ గ్లాసుతో మంచినీళ్ళు తాగి బయటికి పోతాడు. నువ్వు ఆ స్టీలు గ్లాసు తీసుకెళ్ళి బట్టల సబ్బుతో కడుగుతావు. గదికొచ్చాక మళ్ళీ వెనక్కెళ్ళి ఇంకోసారి కడుగుతావు. అంతే. అది చదివి పడుకున్నవాణ్ణి లేచి కూర్చున్నాను.

ఆ తర్వాత ఏడో పేజీలో "నా కళ్ళు తెరుచుకున్నాయి, ప్రేమకు లింగభేదం లేదని గ్రహించాను" అన్నావు. మధ్యాహ్నం మూడింటికి గ్లాసు కడిగినవాడికి సాయంత్రం ఆరింటికల్లా జ్ఞానోదయమా? సిద్ధార్థుడికే ఆరేళ్ళు పట్టిందంటారు.

నలభై ఏళ్ళుగా కథలు రాస్తూ నేను నమ్ముకున్నది ఒకటే ఉంది, ఇంట్లోవాళ్ళు విని విని విసిగిపోయారు, ఇప్పుడు నీ వంతు. మనిషిలో ముందు మారేది నోరు. బుర్ర ఎప్పటికో మారుతుంది. చెయ్యి అన్నిటికన్నా ఆఖర్న. కథ రాసేవాడు చేతిని చూస్తూ కూర్చోవాలి. సభలో మానవ సంబంధాల మీద గంటసేపు మాట్లాడి, మెట్లు దిగుతూ "ఆయన తేడా అటగా" అని ముసిముసిగా నవ్విన రచయితలు నాకు నలుగురు తెలుసు. అందులో ఒకణ్ణి నేనే.

నీ కుర్రాడికి ఆ రోత ఎక్కణ్ణుంచి వచ్చిందో కథలో లేదు. "సమాజం నేర్పింది" అని సరిపెట్టావు. సమాజం ఏ ఊళ్ళో ఉంటాడు, ఏం కూర తింటాడు? నాకు నేర్పినవాడు మా నాన్న. మాది తెనాలి పక్క పల్లెటూరు. నాటకాల్లో ఆడవేషాలకి పేరుపడ్డ స్థానం నరసింహారావు గారి సత్యభామ వేషం ఎక్కడ పడితే అక్కడికి బండి కట్టించుకుని వెళ్ళిన మనిషి. 1956లో స్థానం వారికి పద్మశ్రీ వస్తే మా ఇంటికే వచ్చినట్టు చాలా ఏళ్ళు చెప్పుకున్నాడు. సాయంత్రం అరుగు మీద కూర్చుని, తువ్వాలును జడలా ముందుకేసుకుని "మీరజాలగలడా" అని ఎత్తుకుంటే వీధిలో ఆడవాళ్ళు పనులాపి చూసేవాళ్ళు. ఆ మనిషే, మా పిన్ని కొడుకు ముగ్గులేస్తున్నాడని, మెత్తగా నడుస్తున్నాడని, "ఆడంగి వెధవా" అంటూ చింతబరికె విరిగేదాకా కొట్టాడు. వేషం సంగతి వేరు, మనసు సంగతి వేరు. ఆ రెంటినీ కలిపి స్థానం వారి గురించి పిచ్చి ఊహలకు పోకు. ఆయనది నటన, మహా నటన. నేను చెప్పేది మా నాన్న గురించి. మా పిన్ని కొడుకు ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు. దెబ్బలు పడుతుంటే నేను నవ్వాను, అది మాత్రం తెలుసు.

అలాంటి నవ్వు మూటగట్టుకుని 1977లో ఇక్కడికొచ్చి ఒక ప్రెస్సులో ప్రూఫ్‌రీడరుగా చేరాను. అప్పుడంతా ఒక్కో అక్షరం ఏరి పేర్చే చేతి కంపోజింగే. తెలుగు అచ్చక్షరాల పెట్టె ముందు నిలబడటమంటే మాటలా? గుణింతాలకి, ఒత్తులకి వందల గళ్ళు. కంపోజిటర్ ఒకాయన ఉండేవాడు, అందరం బాబాయ్ అనేవాళ్ళం. మనతో మాట్లాడుతూనే, గళ్ళవైపు చూడకుండా అక్షరాలేరేవాడు. పెళ్ళి చేసుకోలేదు. రైల్వే పార్సిల్ ఆఫీసులో పనిచేసే ఒకాయనతో కలిసి సత్యనారాయణపురంలో రైలుకట్ట పక్కన ఉండేవాడు. ట్రెడిల్ అచ్చుయంత్రం తొక్కే కుర్రాడు వెనక నుంచి సైగలు చేసేవాడు. మేం నవ్వేవాళ్ళం.

ఆ ఏడే నవంబరు 19, శనివారం. దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడిన రోజు. అక్కడ వేలమంది పోయారని మాకు తెలిసింది తర్వాత. ఆ సాయంత్రం తెలిసింది గాలీ వానా మాత్రమే. నా గది రేకులు లేచిపోతే బాబాయ్ తనింటికి తీసుకెళ్ళాడు. ఒకటే గది. ఒకటే నవారు మంచం. ఒకటే హ్యాంగరుకి ఒకదాని మీద ఒకటి రెండు చొక్కాలు. రైల్వే ఆయన కిరసనాయిలు పొయ్యి మీద ఉప్మా చేసి పెట్టాడు. ఇద్దరూ మంచం నాకిచ్చి కింద పడుకుంటామన్నారు. నేను వద్దని, గుమ్మం దగ్గర చాప వేసుకుని, ఒళ్ళంతా దుప్పటి చుట్టుకుని, తెల్లారేదాకా కళ్ళు తెరుచుకునే పడుకున్నాను. దేనికి భయపడ్డానో నువ్వు ఊహించగలవు. ఏమీ జరగలేదు. రాత్రంతా రైల్వే ఆయన దగ్గుతుంటే బాబాయ్ లేచి లేచి మంచినీళ్ళు ఇచ్చాడు.

పొద్దున కాఫీ ఇచ్చారు. గ్లాసు పట్టుకుని వాన చూస్తున్నట్టు వెనక్కెళ్ళి గోడవారన పారబోశాను. తిరిగి చూస్తే బాబాయ్ తలుపు దగ్గరున్నాడు. ఏమీ అనలేదు. ఆ సోమవారం నుంచి ప్రెస్సులో నాకు టీ తన చేత్తో ఇవ్వడం మానేశాడు, ట్రెడిల్ కుర్రాడి చేత పంపేవాడు. అంతకుముందు రోజూ తనే ఇచ్చేవాడని అప్పటిదాకా నేను గమనించనే లేదు.

మళ్ళీ ఆ ఇంట్లో కాఫీ తాగడానికి నాకు ఆరేళ్ళు పట్టింది. మధ్యలో మహా సంఘటనేదీ లేదు, కళ్ళు తెరుచుకోనూ లేదు. ఒక ఎండాకాలం ఏదో పాఠ్యపుస్తకం తొందర పని, గేలీ ప్రూఫులు దిద్దడానికి వాళ్ళింట్లో కూర్చున్నాను. రైల్వే ఆయన గ్లాసు పక్కన పెట్టి వెళ్ళాడు. తాగేశాను. తాగానని ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే గుర్తొచ్చింది. ఇలాంటిది రాయి నువ్వు, ఏడో పేజీ కొట్టేసి.

ఇక చావు సంగతి. 1986లో ఆ ఇద్దరి మీద కథ రాశాను. చివర్న ఇద్దరూ ముసలివాళ్ళై, ఒకరి కళ్ళజోడు ఒకరు పెట్టుకుని పేపరు చదువుకుంటుంటారు. వారపత్రిక ఎడిటరు గారి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. ఇలాంటివాళ్ళు సుఖంగా ఉన్నట్టు వేస్తే పాఠకులు ఒప్పుకోరట, ఒకరు పోతే జాలి పుడుతుందట, ఆలోచించమన్నారు. ఒక్క రాత్రి ఆలోచించాను. తెల్లారేసరికి బాబాయ్‌ని రైలు కింద పడేశాను. దీపావళి సంచికలో నల్లమబ్బుల బొమ్మతో అచ్చయింది, డెబ్బై అయిదు రూపాయలు వచ్చాయి. "కన్నీళ్ళు ఆగలేదు" అని ఉత్తరాలు. బాబాయ్ కూడా చదివాడు, ప్రెస్సులో ఎవరో తెచ్చి చూపించారు. రెండు రోజుల తర్వాత చేతి స్టిక్కులో అచ్చక్షరాలు పేరుస్తూ, నా వైపు చూడకుండా అన్నాడు: "నన్ను చంపితే చంపావు గాని, ఆయనకి చక్కెర జబ్బు బాబూ. పత్యం ఎవరు వండుతారో ఓ ముక్క రాయాల్సింది."

నీ కథని ఏ ఎడిటరూ చూడలేదు, ఏ కార్డూ రాలేదు. అయినా చంపావు. అది నాకు మరీ కష్టంగా ఉంది. ఆనాటి ఎడిటర్లని తిట్టుకుంటూ బతికాం, ఆయనెవరో నీ బుర్రలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇప్పటివాళ్ళది ఇంకో రకంలే. మొన్నొకాయన ఫోన్ చేసి "సంకలనం వేస్తున్నాం, ఎల్‌జీబీటీ మీద ఏమైనా ఉందా సార్" అన్నాడు, పచ్చళ్ళ కొట్లో మాగాయ ఉందా అన్నట్టు. లేదన్నాను.

పదో పేజీలో తప్పుంది. నీ కథ జరిగేది 2016లో. అందులో హీరో "ఇప్పుడది నేరం కాదురా, సుప్రీంకోర్టే చెప్పింది" అని ఓదారుస్తాడు. అయిదుగురు జడ్జీల తీర్పు వచ్చింది 2018 సెప్టెంబరు 6న. 2009 జూలైలో ఢిల్లీ హైకోర్టు నేరం కాదంటే, 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అంటే నీ కుర్రాళ్ళున్నది వడ్డించిన విస్తరి లాక్కున్నాక, మళ్ళీ వడ్డించకముందు. దీన్ని నేరమనే 1860 నాటి 377 సెక్షను అప్పుడు వాళ్ళ నెత్తిమీదే ఉంది. ఆ రోజు ఆ అబ్బాయి నీకు చెప్పుకున్నది ఎంత తెగించి చెప్పుకున్నాడో చూడు. ఓదార్పు తీసేస్తే అది దానంతటదే కనిపిస్తుంది. మా బాబాయ్‌కి సెక్షన్ నంబర్లు తెలియవు, స్టేషను దగ్గర ఏ కానిస్టేబులు ఏ పూట డ్యూటీలో ఉంటాడో మాత్రం తెలిసేది.

డాక్టరు సీను ఉంచు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దీన్ని రోగాల జాబితాలోంచి తీసేసినా, నయం చేస్తానని చీటీ రాసేవాళ్ళు ఉన్నారు. ఆయన చేత డైలాగులు తగ్గించు. ఆ తల్లి చీటీని నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకోవడం బాగుంది. ఇంకో మాట, "స్వలింగ సంపర్కుడు" అని కథలో తొమ్మిదిసార్లు వాడావు. పేపర్లవాళ్ళ మాట అది. గదిలో పక్క మంచం మీద ఉన్నవాణ్ణి ఎవరైనా అలా అనుకుంటారా? పేరుంది కదా వాడికి, పేరు పెట్టి పిలువు.

కలం పేరు పెట్టుకోవాలా, నవలగా పెంచొచ్చా, ఏ పత్రికకి పంపాలి అని అడిగావు. వాటి సంగతి తర్వాత చూద్దాం. "నేను అలాంటివాణ్ణి కాను కదా, నేను రాయొచ్చా" అని కూడా అడిగావు. గ్లాసు కడిగినవాడివి నువ్వే కాబట్టి ఆ కథ నీదే. వాడి కథ వాడు రాసుకుంటాడో లేదో వాడిష్టం. కాని ఎక్కడికైనా పంపేముందు బెంగుళూరుకి పంపు. వాడు చదవాలి. నాలుగో పేజీతో సహా. భయమేస్తే నీ భయం, నేనేం చెయ్యలేను. నేను అడక్కుండా అచ్చేశాను.

చివరి మూడు పేజీలు నా దగ్గరే ఉంచుకుని మిగతావి తిప్పి పంపుతున్నాను. నీ దగ్గర జిరాక్స్ ఉంటే అందులో కూడా చింపెయ్యి.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి

తా.క. స్టాంపులంటించిన తిరుగు కవరు పెట్టలేదు నువ్వు. ఈసారికి నేనే పెట్టుకున్నాను.