కాగితం ప్లానర్ కొన్న రెండు వారాలకే మూలన పడేస్తున్నాను, రోజూ వాడాలంటే ఎలా?

చాలామంది ఆపేసేది బద్ధకంతో కాదు, సగం ఫోన్‌లో, సగం ప్లానర్‌లో రాయడం వల్ల. ఎందులో చూడాలో తెలియకపోతే రెండిటి మీదా నమ్మకం పోతుంది. ముందు తేదీలన్నీ ప్లానర్‌లోకి తెచ్చెయ్యండి, పెన్ను దానికే తగిలించి ఉంచండి.

రాసే తీరు ఇంకా ముఖ్యం. "ఇన్సూరెన్స్" అని ఒక్క మాట రాసి వదిలేస్తే అది వారమంతా అలాగే ఉండిపోతుంది, అదే "మంగళవారం 11కి ఫోన్ చేసి రెన్యువల్ తేదీ అడగాలి" అని రాస్తే చేసేస్తారు. మాసికాంపో, బామైస్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2011లో ప్రచురించిన ప్రయోగాల్లో కూడా, పూర్తికాని పనికి స్పష్టమైన ప్లాన్ వేసుకున్నవాళ్లకి ఆ పని గురించిన ఆలోచనలు అడ్డుపడటం తగ్గింది.

రాత్రి పడుకునే ముందు ఐదు నిమిషాలు కూర్చుని, మిగిలిపోయిన పనిని రేపటి పేజీలో చేత్తో మళ్లీ రాయండి. నాకు ఇదే అన్నిటికంటే పనికొచ్చింది. అదే పని మూడోసారి రాయబోతుంటే చెయ్యి దానంతటదే ఆగుతుంది, చెయ్యాలా కొట్టెయ్యాలా అన్నది అక్కడే తేల్చుకోండి.

కాగితం మోగదు కాబట్టి టైముకి గుర్తురావాల్సినవాటికి ఫోన్‌లో అలారం కూడా పెట్టుకోండి. నాలుగు రోజులు రాయకపోతే ఆ ఖాళీ పేజీల గురించి టెన్షన్ పడొద్దు, ఇవాళ్టి పేజీ తెరిచి మొదలుపెట్టండి.