సరస్సు దాకా బండి వెళ్తుంది, మనమో?

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ హిమాలయాల్లోని సరస్సులకు బైకు మీదో కారులోనో వెళ్లడం గురించే. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాం.

ప్రశ్న: మూడు బైకుల మీద తెల్లవారుజామున మనాలిలో బయల్దేరి సాయంత్రానికి హిమాచల్‌లోని చంద్రతాల్ సరస్సు చేరి, అక్కడే గుడారాల్లో పడుకుందామనుకుంటున్నాం. దూరం చూస్తే నూటముప్పై కి.మీ. కూడా లేదు. ఇబ్బందేమైనా ఉందా?

జవాబు: బళ్లు చేరతాయి. ఇబ్బంది పడేది మీరు. మనాలి ఎత్తు సుమారు 2,050 మీటర్లు, చంద్రతాల్ దాదాపు 4,250. ఒక్క పగటిలో 2,200 మీటర్లు ఎక్కి అక్కడే పడుకుంటామంటున్నారు. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని పర్వత వైద్యులు చెబుతారు. పగలు ఎంత పైకెళ్లినా కిందికి దిగి పడుకుంటే ఒళ్లు చాలావరకు తట్టుకుంటుంది. నిద్రలో ఊపిరి నెమ్మదించి రక్తంలో ఆక్సిజన్ ఇంకా పడిపోతుంది కాబట్టి అసలు లెక్క పడక ఎత్తుదే.

మా సలహా ఒక్కటే: దారి తిరగేయండి. సిమ్లా, కల్పా, నాకో, కాజా మీదుగా నాలుగైదు రోజులు మెల్లగా ఎక్కండి. కల్పా 3,000కు కాస్త తక్కువ, నాకో, కాజా 3,600 దరిదాపుల్లో ఉంటాయి. లోసర్ 4,000 దాటుతుంది. అక్కణ్నుంచి కుంజుమ్ కనుమ ఎక్కి దిగితే చంద్రతాల్. చివర్లో మనాలికి దిగొచ్చు.

ఇందులో రెండో లాభం వాగులది. చంద్రతాల్, మనాలి మధ్యనున్న బాతల్ నుంచి ఛత్రు దాకా రోడ్డుకు అడ్డంగా పారే నీరు పైనున్న హిమానీనదాలు కరిగినది. ఎండెక్కేకొద్దీ పెరుగుతుంది. పొద్దున ఏడింటికి పిక్కల దాకా ఉన్న వాగు మధ్యాహ్నం మూడింటికి మోకాలు దాటొచ్చు. మనాలి వైపు నుంచి ఏ కొంచెం ఆలస్యంగా బయల్దేరినా పొంగు మీద ఉన్నప్పుడే వాటి దగ్గరికి చేరతారు. చంద్రతాల్ నుంచి ఆరింటికి కదిలితే మంచు ఇంకా సరిగ్గా కరగక ముందే దాటేస్తారు.

సరస్సు ఒడ్డున గుడారాలు వేయనివ్వరు. అవి కొన్ని కి.మీ. ముందే ఉంటాయి. బళ్లు ఆపే చోటి నుంచి కిలోమీటరు పైగా నడవాలి. రోడ్డు సాధారణంగా జూన్ మధ్య నుంచి అక్టోబరు మొదటి వారాల దాకా తెరిచి ఉంటుంది. జూలై, ఆగస్టుల్లో వాగులు బాగా పొంగుతాయి. మమ్మల్ని అడిగితే సెప్టెంబరు.

ప్రశ్న: ఆ దారిలో పెట్రోలు ఎంత మోసుకెళ్లాలి?

జవాబు: కాజాలో బంకు ఉంది. ఆ తర్వాత ఈ దారిన మనాలి వైపు దిగేదాకా లేదు. కాజా–మనాలి సుమారు 200 కి.మీ., బాతల్ దగ్గర చంద్రతాల్‌కు తిరిగే రోడ్డు పోనూ రానూ 28. మొత్తం 230 అనుకోండి. మైదానంలో లీటరుకు 35 ఇచ్చే బైకు ఇక్కడ మొదటి రెండు గేర్లలోనే నడుస్తుంది కాబట్టి 25కు మించి ఆశించకండి. అంటే తొమ్మిది లీటర్ల పైన. ట్యాంకు పదమూడు లీటర్లదైతే విడిగా క్యాన్ అక్కర్లేదు. తీసుకెళ్లాలనుకుంటే ఇనుప క్యాన్‌లో పదో వంతు ఖాళీ వదలండి. ఎత్తుకు వెళ్లేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గి, లోపలి ఒత్తిడి దానికంటే ఎక్కువవుతుంది. మూత ఒక్కసారిగా తిప్పితే మొహాన చిమ్ముతుంది.

ప్రశ్న: వాగు మధ్యలో బండి ఆగిపోతే?

జవాబు: ఆగకుండా చూసుకోవడమే ముఖ్యం. ముందు ఒకరు నడిచి దాటండి. నీరు మోకాలి పైకి వచ్చినా, వేగానికి కాలు నిలవకపోయినా బండి దించొద్దు, పొద్దున్న చూసుకోండి. దిగాక మొదటి గేరులో, యాక్సిలరేటర్ ఒకే మోతాదులో ఉంచండి. గేరు మార్చొద్దు, సగం క్లచ్ పట్టుకుని తొక్కొద్దు. గుండ్రాళ్ల మీద హ్యాండిల్ అటూఇటూ ఊగుతుంది. దాంతో కుస్తీ పట్టకండి, చూపు అవతలి ఒడ్డున పెట్టండి.

ఇంజిన్‌లోకి నీళ్లు పోయాయన్న అనుమానం ఉంటే మాత్రం స్టార్టర్ జోలికే పోవద్దు. పెట్రోలు ఆవిరిలా నీరు నలగదు. పిస్టన్ దాన్ని నొక్కబోతే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బండిని గట్టుకు తోసి, ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. తడిగా ఉంటే స్పార్క్ ప్లగ్ విప్పి ఇగ్నిషన్ ఆపి, కిక్కు నాలుగైదు సార్లు తొక్కండి. ప్లగ్ రంధ్రంలోంచి నీళ్లు చిమ్మడం ఆగాక, ప్లగ్ తుడిచి బిగించి స్టార్ట్ చేయొచ్చు. గట్టెక్కాక మొదటి వంద మీటర్లు బ్రేకులు తేలిగ్గా పట్టి వదులుతూ ఆరబెట్టడం మరవొద్దు.

ప్రశ్న: నాది పాత కార్బురేటర్ బైకు. ఎత్తుకు వెళ్తే లాగదని, ఎయిర్ ఫిల్టర్ తీసేయమని మెకానిక్ చెప్పాడు. తీయొచ్చా?

జవాబు: వద్దు. పైకి వెళ్లేకొద్దీ గాలి పల్చబడుతుంది, కార్బురేటర్ మాత్రం పెట్రోలు దాదాపు పాత మోతాదులోనే వదులుతుంది. అందుకే ప్లగ్ నల్లగా మసిబారుతుంది, బండి దగ్గుతుంది. ఫిల్టర్ తీస్తే కాస్త గాలి ఎక్కువొస్తుంది నిజమే, దాంతోపాటు స్పితి (కాజా ఉన్న లోయ) దుమ్ము కూడా సిలిండర్‌లోకి వెళ్లి గోడల్ని గీస్తుంది. ఒకటి రెండు సైజులు చిన్నదైన మెయిన్ జెట్ (కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే సన్న రంధ్రమున్న భాగం) వేయించుకోండి, దిగాక పాతది మార్చేయండి. శక్తి మాత్రం వెయ్యి మీటర్లకు పదోవంతు చొప్పున తగ్గి తీరుతుంది. ఎఫ్.ఐ. (కార్బురేటర్ బదులు ఎలక్ట్రానిక్ పద్ధతిలో పెట్రోలు కొలిచి చిమ్మే) బళ్లు మిశ్రమాన్ని సర్దుకుంటాయి కానీ వాటిక్కూడా ఈ తగ్గుదల తప్పదు. టర్బో (గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపే పరికరం) ఉన్న కారుకే కాస్త ఊరట.

ప్రశ్న: ఎత్తులో టైర్లు పేలతాయని గాలి తగ్గించమంటున్నారు. ఎంత తగ్గించాలి?

జవాబు: దాదాపు ఏమీ తగ్గించక్కర్లేదు. సముద్రమట్టంలో 30 డిగ్రీల వేడిలో 32 పి.ఎస్.ఐ. (టైరు గాలి ఒత్తిడి కొలత) కొట్టించిన టైరు 4,500 మీటర్ల దగ్గర 38 చూపాలి, బయటి గాలి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి. కానీ అక్కడ తెల్లవారుజామున సున్నా డిగ్రీలు. చలికి టైరులోని గాలి కుంచించుకుపోయి అదే మీటరు 34 దగ్గర ఆగుతుంది. బండి నడిపి టైరు వేడెక్కకముందే కొలిచి, కంపెనీ చెప్పిన అంకెకు సరిచేసుకుంటే చాలు.

ప్రశ్న: పాంగాంగ్‌లో కారును నీళ్ల అంచు దాకా తీసుకెళ్లొచ్చా? అనుమతులేమిటి?

జవాబు: తీసుకెళ్లొద్దు, జరిమానా పడుతుంది. పైగా లడఖ్ ఉప్పు సరస్సుల ఒడ్డు నమ్మదగింది కాదు. త్సో కార్ దగ్గర ఇది స్పష్టంగా కనిపిస్తుంది: పైన తెల్లగా ఎండిన ఉప్పు పొర, దాని కింద మెత్తటి బురద. మనిషి బరువుకు ఆగుతుంది, కారు బరువుకు పగులుతుంది. దిగబడితే యాక్సిలరేటర్ గట్టిగా తొక్కకండి, చక్రాలు ఇంకా లోతుకు పోతాయి. గాలి 18 పి.ఎస్.ఐ.కి తగ్గించి, చక్రాల ముందు బురద తవ్వి, కారులోని మ్యాట్లు వేసి, రెండో గేరులో మెల్లగా కదిలించండి.

పాంగాంగ్‌కు భారతీయులకు ఇన్నర్ లైన్ పర్మిట్ (సరిహద్దు ప్రాంతాలకు వెళ్లే అనుమతి పత్రం) 2021లో తీసేశారు, పర్యావరణ రుసుము మాత్రం ఆన్‌లైన్‌లో కట్టి రసీదు చెక్‌పోస్టుల్లో చూపాలి. నిబంధనలు మారుతుంటాయి, వెళ్లే వారం మళ్లీ చూసుకోండి. తవాంగ్ దగ్గరి సరస్సులకైతే ఇతర రాష్ట్రాలవారికి అరుణాచల్ ఇన్నర్ లైన్ పర్మిట్ తప్పనిసరి. విమానంలో లేహ్ (3,500 మీ.) దిగినవాళ్లు రెండు పూర్తి రోజులు అక్కడే ఉండి, తర్వాతే పాంగాంగ్ దారిలోని చాంగ్ లా కనుమ ఎక్కాలి.

ప్రశ్న: చేతిలో పట్టే ఆక్సిజన్ డబ్బాలు కొనాలా?

జవాబు: నిమిషాల్లో అయిపోతాయి, వాటిని నమ్ముకోకండి. తలనొప్పితో పాటు వాంతి వచ్చిందంటే ఆ రోజుకు ఇంక ఎక్కొద్దు. మనిషిని నేల మీద గీత వెంట మడమకు వేలు ఆనించి పది అడుగులు నడిపించండి. తూలినా, కూర్చున్నచోటే ఆయాసపడుతున్నా అర్ధరాత్రయినా సరే వేరేవాళ్లు నడిపే బండిలో కిందికి దించండి. ఎత్తు జబ్బు రాకుండా వాడే ఎసిటజోలమైడ్ మాత్రలు డాక్టరును అడిగి, సల్ఫా మందులు పడవన్న సంగతి ఉంటే ముందే చెప్పి, ఎక్కడానికి ఒకరోజు ముందు మొదలుపెట్టాలి.

ప్రశ్న: ఉత్తర సిక్కింలోని గురుదోంగ్మార్ సరస్సుకు లాచెన్ నుంచి ఎన్నింటికి బయల్దేరాలి?

జవాబు: తెల్లవారుజామున నాలుగున్నరలోపు. అది 5,000 మీటర్లు దాటిన చోటు, మధ్యాహ్నమైతే గాలి విపరీతంగా వీస్తుంది. పదిన్నరకల్లా తిరుగు దారి పట్టి లాచెన్‌లో పడుకోండి. 2023 అక్టోబరు వరదకు ఉత్తర సిక్కిం రోడ్లు బాగా దెబ్బతిన్నాయి కాబట్టి, గాంగ్టక్‌లో పర్మిట్ తీసుకునేటప్పుడే ఆ వారం ఏ దారి తెరిచి ఉందో అడగండి.