బగ్ రిపోర్టు రాసే తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన రిపోర్టులు చదివాను. బగ్గులు, అంటే సాఫ్ట్‌వేర్‌లో లోపాలు, పట్టడంలో నీకు వంక పెట్టడానికేమీ లేదు. చిక్కంతా రాయడంలోనే ఉంది. "ఇంత కష్టపడి పట్టుకుంటే డెవలపర్లు రిజెక్ట్ చేస్తున్నారు, మేనేజర్ అసలు పట్టించుకోవట్లేదు" అన్నావు. వాళ్ల తప్పేమీ లేదని నేను అనను. కానీ నువ్వు రాసింది చదివాక వాళ్లు ఏం చెయ్యాలో అందులో ఎక్కడా లేదు. టెస్టర్ రాసే ప్రతి ముక్కా ఎవరో ఒకరు ఏదో ఒకటి తేల్చుకోవడానికే. ఎక్కడ వెతకాలో డెవలపర్ తేల్చుకోవాలి. ఈ రిలీజ్‌లోనే బాగుచేయించాలా, వచ్చేదానికి తోసెయ్యాలా అన్నది ప్రొడక్ట్ ఓనర్, అంటే యాప్‌లో ఏం ఉండాలో చూసుకునే మనిషి, తేల్చుకోవాలి. శుక్రవారం రిలీజ్ చెయ్యాలా ఆపాలా అన్నది పైవాళ్లు తేల్చుకోవాలి. చదివేవాళ్లు వీళ్లలో ఎవరో తెలియకుండా రాయడం మొదలుపెట్టకు.

ముందు టైటిల్ సంగతి. "పేమెంట్ సరిగ్గా పనిచేయడం లేదు, అర్జెంట్!!" అని పెట్టావు. బగ్గుల జాబితా ముందేసుకుని కూర్చునే మీటింగులో తెరమీద కనిపించేది టైటిళ్లే. ఒక్కోదానికి నిమిషం దొరికితే గొప్ప. అదే బగ్గుకు ఇలా రాసి చూడు: "ఆండ్రాయిడ్: ఓటీపీ పేజీలో బ్యాక్ నొక్కి మళ్లీ పే నొక్కితే ఖాతాలో డబ్బు రెండుసార్లు కట్ అవుతోంది." ఎక్కడ, ఏం చేస్తే, ఏం నష్టం అన్న మూడూ వచ్చేశాయి. ఇక అర్జెంట్ అని ఎవరూ అరవక్కర్లేదు. ఆశ్చర్యార్థకాలు తీసెయ్. ఎర్ర రంగు, బోల్డు కూడా. అన్నీ ఎర్రగా ఉంటే నిజంగా నిప్పంటుకున్నది ఏదో తెలియదు.

స్టెప్పుల్లో నువ్వు వదిలేస్తున్నది ఆరంభ స్థితి. యూజర్ అప్పటికే లాగిన్ అయి ఉన్నాడా, ఖాతాలో ఎంత ఉంది, వైఫైయా మొబైల్ డేటానా, యాప్ కొత్తగా వేసిందా పాతదాని మీద అప్‌డేట్ చేసిందా. ఆ తర్వాత ఒక్కో స్టెప్పులో ఒక్కటే పని. "వివరాలు నింపి సబ్మిట్ చెయ్యి" అనకు; ఏ వివరాలు నింపావో అక్షరం పొల్లుపోకుండా రాయి. ఏం జరగాలి, ఏం జరిగింది అన్నవి విడివిడిగా ఉండాలి. ఏం జరగాలన్నదానికి ఆధారం కూడా చూపించు, అంటే రిక్వైర్‌మెంట్ నంబరో, పాత వెర్షన్ ప్రవర్తనో. అది లేకపోతే "డిజైనే అంత" అని మూసేస్తారు, నీ దగ్గర జవాబుండదు. బిల్డ్ నంబరు (డెవలపర్లు ఇచ్చిన ఏ కూర్పో తెలిపేది), ఫోన్ మోడల్, ఓఎస్ వెర్షన్, జరిగిన సమయం సెకన్లతో సహా ఇవ్వు. సర్వర్ లాగులు, అంటే అది రాసుకునే చిట్టాలు, చాలాచోట్ల యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటాయి, అందుకని 14:32:10 ఐఎస్‌టీ అని రాసి పక్కనే 09:02:10 యూటీసీ అని కూడా రాయి. ఆ ఒక్క లెక్కతో డెవలపర్‌కు చాలా వెతుకులాట తప్పుతుంది.

బగ్గును ఎంత చిన్నదాకా కుదించాలో చెప్పడానికి మన తెలుగుతోనే ముడిపడ్డ ఉదాహరణ ఒకటుంది. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను కుప్పకూల్చింది. మెసేజ్‌లో ఆ అక్షరం వస్తే చాలు, దాన్ని చూపించబోయిన యాప్ మూతపడేది. నోటిఫికేషన్‌లో వస్తే ఫోన్ హోమ్ స్క్రీనే పడిపోయేది. "తెలుగు మెసేజ్ వస్తే ఫోన్ క్రాష్ అవుతోంది" అని రాస్తే అది ఫిర్యాదు. "జ్ఞా అక్షరం వస్తే క్రాష్" అన్నది కొంచెం నయం, కానీ తప్పు. ఎందుకంటే మామూలుగా జ్ఞా అని టైప్ చేస్తే ఏమీ అయ్యేది కాదు. అసలు వరుస జ, పొల్లు, ఞ, కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా విడదీసే గుర్తు), ఆ తర్వాత ఆ-కారపు గుర్తు. ఆ నాలుగోది తీసేస్తే బగ్ మాయం. ఇంతదాకా కుదించిన రిపోర్టు చేతికొస్తే, లోపం తెలుగు భాషలో కాదు, ఒత్తుకూ గుణింతానికీ మధ్య ఈ కనిపించని అక్షరం దూరినప్పుడు ఫాంట్ లెక్క తప్పుతోందని తెలుస్తుంది. దేవనాగరిలో, బెంగాలీలో కూడా ఇలాంటి వరుసలు ఉండొచ్చని వెతకాలనిపిస్తుంది, నిజంగానే ఉన్నాయి కూడా. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో దీన్ని సరిచేసింది. కాబట్టి స్టెప్పులు రాశాక ఒక్కొక్కటీ తీసేస్తూ మళ్లీ ప్రయత్నించు. తీసేసినా బగ్ వస్తోందంటే ఆ స్టెప్పు అనవసరం. తీసేస్తే రావట్లేదంటే కారణం దాని చుట్టుపక్కలే ఎక్కడో ఉంది.

"అప్పుడప్పుడు వస్తోంది" అని ఇంకెప్పుడూ రాయకు. 10 సార్లు చేసి ఎన్నిసార్లు వచ్చిందో రాయి. ఇది ఫిక్స్ వచ్చాక ఇంకా అక్కరకొస్తుంది. 10కి 3 సార్లు వచ్చే బగ్గును సరిచేశామన్నారనుకో, నువ్వు 5 సార్లు చూసి "వెరిఫైడ్" అని మూసేశావు. ఫిక్స్ అసలు పనిచెయ్యకపోయినా వరసగా 5 సార్లు బగ్ రాకుండా ఉండే అవకాశం దాదాపు 17 శాతం; 0.7ను అయిదుసార్లు గుణించుకుని చూడు. 10 సార్లు చూస్తే అది 3 శాతానికి దిగుతుంది, 20 సార్లు చూస్తే వెయ్యికి ఒకటి కన్నా తక్కువ. అందుకని మూసేటప్పుడు "వెరిఫైడ్" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టకుండా "బిల్డ్ 218, అదే ఫోన్, 20 సార్లు, ఒక్కసారీ రాలేదు" అని రాయి. ఆర్నెల్ల తర్వాత ఆ బగ్ మళ్లీ లేస్తే అందరూ వెతుక్కునేది ఆ వాక్యమే.

వీడియో ఒక్కటే జతచేసి చేతులు దులుపుకోకు. రెండు నిమిషాల వీడియోలో ఏ సెకను దగ్గర చూడాలో చెప్పకపోతే ఎవరూ చూడరు. స్క్రీన్‌షాట్‌లో నిజమైన మనుషుల ఫోన్ నంబర్లు, ఆధార్ అంకెలు, ఖాతా వివరాలు ఉంటే చెరిపేశాకే పెట్టు. టికెట్టు, అంటే బగ్ నమోదు చేసిన పేజీ, ఎవరెవరి కళ్లబడుతుందో నీకు తెలియదు.

సివియారిటీ, ప్రయారిటీ రెండూ కలిపేస్తున్నావు. దెబ్బ ఎంత పెద్దదన్నది సివియారిటీ, అది నువ్వు చెప్పాలి. ఎప్పుడు బాగుచెయ్యాలన్నది ప్రయారిటీ, అది వ్యాపారం చూసుకునేవాళ్లు చెప్పాలి. హోమ్ పేజీలో కంపెనీ పేరే తప్పు పడితే సివియారిటీ తక్కువ, ప్రయారిటీ ఎక్కువ. ఏడాదికోసారి ఆడిటర్ వాడే రిపోర్టు క్రాష్ అయితే అది తిరగబడుతుంది. వాళ్లు ప్రయారిటీ తగ్గించారని అలగకు. తగ్గించిన కారణాన్ని మాత్రం టికెట్టులో రాయించు.

ఇక అసలు సంగతికి వస్తాను. నీ రిలీజ్ సమ్మరీలో మొదటి వాక్యం "430 టెస్ట్ కేసుల్లో 412 పాస్, 95.8 శాతం". చదివిన డైరెక్టర్ ఏమనుకుంటాడు? పరీక్షల్లో పిల్లాడికి 95 మార్కులొచ్చినట్టు సంబరపడతాడు. కానీ ఫెయిలైన 18లో 16 అక్షరాలు పక్కకు జరగడం లాంటివి, రెండు డబ్బుకు సంబంధించినవి. ఆ రెండూ శాతంలో కరిగిపోయాయి. అంతకంటే ముఖ్యం, నువ్వు ప్లాన్‌లో రాసుకున్నవి 510. మిగిలిన 80 ఏమయ్యాయి? నాలుగో పేజీ అడుగున "రీఫండ్ మాడ్యూల్: ఎన్‌ఏ" అని కనిపించింది, అంటే డబ్బు వెనక్కిచ్చే భాగానికి పరీక్ష వర్తించదని. అది వర్తించక పోవడం కాదు కదా, మనం పరీక్షించకపోవడం. ఆ రెండింటికీ చాలా తేడా ఉంది.

పరీక్షించనిదాన్ని పైకి చెప్పకపోతే ఏమవుతుందో 2018 ఏప్రిల్‌లో బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు చూపించింది. 52 లక్షల ఖాతాదారులున్న ఆ బ్యాంకు పాత సిస్టమ్ వదిలి కొత్త ప్లాట్‌ఫారానికి మారింది. డేటా భద్రంగానే చేరింది, కూలింది ప్లాట్‌ఫారం. జనం తమ ఖాతాల్లోకి వెళ్లలేకపోయారు. పరిస్థితి పూర్తిగా మామూలు కావడానికి ఆ ఏడాది డిసెంబరు దాకా పట్టింది. 2019 నవంబరులో బయటికొచ్చిన స్వతంత్ర విచారణ నివేదికలో టెస్టర్లు చదవాల్సిన విషయం ఒకటుంది. కొత్త ప్లాట్‌ఫారం రెండు డేటా సెంటర్ల మీద నడవాలి. లోడ్ తట్టుకుంటుందా అని చేసిన పరీక్షలు ఒక్కదానిమీదే జరిగాయి. ఆ సంగతి బోర్డు దాకా చేరలేదు. 2022 డిసెంబరులో నియంత్రణ సంస్థలు బ్యాంకుకు 4 కోట్ల 86 లక్షల 50 వేల పౌండ్ల జరిమానా వేశాయి. "రెండింటిలో ఒక్కదాన్నే పరీక్షించాం" అన్న వాక్యం పట్టుమని పది మాటలు లేదు. దాన్ని మొదటి పేజీలో చూసి "ఎందుకు?" అని అడగని బోర్డు ఉంటుందనుకోను.

చెప్పినా అడుగున పెడితే చెప్పనట్టే. 2003 జనవరిలో కొలంబియా షటిల్ నింగికెగిసేటప్పుడు నురుగు ముక్క ఊడి రెక్కకు తగిలింది. అది ఎంత ప్రమాదమో ఇంజినీర్లు నాసా మేనేజర్లకు స్లయిడ్లలో వివరించారు. ఒక స్లయిడ్ శీర్షిక, టెస్ట్ డేటా చూస్తే మన అంచనాలు జాగ్రత్త వైపే ఉన్నాయన్న అర్థమొచ్చేలా ఉంది. అదే స్లయిడ్ అడుగున చిన్న అక్షరాల్లో, పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలనీ ఇప్పుడు తగిలింది 1920 అనీ ఉంది. అంటే 640 రెట్లు. శీర్షిక ధైర్యం చెప్పింది, ఆ ధైర్యానికి ఆధారం లేదని ఆఖరి వరుస చెప్పింది. ఫిబ్రవరి 1న తిరిగొస్తుండగా షటిల్ ముక్కలైంది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ పోయారు. ఆ ఒక్క స్లయిడే కారణమని ఎవరూ అనలేదు, నేనూ అనను. కానీ దర్యాప్తు బోర్డు తన నివేదికలో ఆ స్లయిడ్‌ను ప్రత్యేకంగా వేలెత్తి చూపింది.

నీ సమ్మరీ ఇలా మొదలైతే చాలు: "శుక్రవారం రిలీజ్ చేస్తే కొందరికి డబ్బు రెండుసార్లు కట్ అయ్యే ప్రమాదం ఉంది. ఆండ్రాయిడ్‌లో ఓటీపీ పేజీ నుంచి వెనక్కి వచ్చి మళ్లీ కట్టినప్పుడు 10కి 3 సార్లు జరుగుతోంది. రీఫండ్ మాడ్యూల్‌ను (80 కేసులు) పరీక్షించలేదు, బ్యాంకు ఇచ్చిన టెస్ట్ సర్వర్ సోమవారం నుంచి పనిచేయడం లేదు. సర్వర్ వచ్చాక రెండు రోజులు కావాలి. ఆగలేమంటే, డబుల్ పేమెంట్ ఫిక్స్ చేసి, రీఫండ్ బటన్ దాచేసి మిగతాది వదలొచ్చు." శాతాలు, గ్రాఫులు దీని కింద ఎన్నైనా పెట్టుకో. ఇందులో "రిలీజ్ ఆపండి" అన్న మాట లేదు చూడు. ఆపడం మన చేతిలో లేదు, ఆపాలో వద్దో తేల్చుకునే సరుకు అందించడం మన పని. కోడ్ పేర్లు, మాడ్యూల్ పొట్టిపేర్లు కూడా లేవు. డెవలపర్‌కు "కాల్‌బ్యాక్ రెండుసార్లు ఫైర్ అవుతోంది" అని చెప్పు, ఫైనాన్స్ వాళ్లకు "కస్టమర్‌కు రెండుసార్లు కట్ అవుతోంది, రీఫండ్ మనమే ఇవ్వాలి" అని చెప్పు.

అమెరికా వాళ్లతో చేసే కాల్స్ గురించి కాస్త కటువుగా చెబుతాను. మనవాళ్లకు పెద్దవాళ్లముందు "కాదు" అనడం నోట రాదు. "రేపటికి అయిపోతుందా?" అంటే "చూస్తాం సార్" అంటాం. అవతల దాన్ని అవునని రాసుకుంటారు. కాదనలేకపోతే షరతు పెట్టు: "బిల్డ్ ఈ రాత్రి పదింటికల్లా వస్తే రేపు సాయంత్రానికి పేమెంట్ వరకు అవుతుంది, రీఫండ్ అవదు." ఆ మాటనే కాల్ అవగానే నాలుగు లైన్ల మెయిల్‌గా పెట్టు. అమెరికా తూర్పు తీరంతో మనకు చలికాలంలో పదిన్నర గంటలు, వేసవిలో తొమ్మిదిన్నర గంటలు తేడా. నీ మెయిల్‌లో ఒక వివరం లోపిస్తే వాళ్లు అడిగేసరికి నువ్వు నిద్రలో ఉంటావు, నువ్వు జవాబిచ్చేసరికి వాళ్లు నిద్రలో ఉంటారు. ఒక్క ప్రశ్నకు ఒక రోజు పోతుంది. "రేపు", "ఈఓడీ" (రోజు ముగిసేలోగా) లాంటివి మానేసి తేదీ, గంట, ఏ ఊరి టైమో రాయి.

రిలీజ్ ముందురోజు సాయంత్రం పెద్ద బగ్ దొరికితే టికెట్టు పెట్టి ఊరుకోకు. ముందు ఆ డెవలపర్‌కు ఫోన్ చెయ్యి, తర్వాత మీ లీడ్‌కు, ఆ తర్వాతే గ్రూప్ మెయిల్. పదిమంది ముందు మొదటిసారి తన తప్పు చూసినవాడు బగ్గును వదిలేసి తనను సమర్థించుకోవడం మొదలుపెడతాడు. "నువ్వు రాసిన కోడ్ తప్పు" అనకుండా "ఈ బిల్డ్‌లో ఇలా వస్తోంది" అను. తీరా చూస్తే బగ్ కాదని తేలితే, అంతే బాహాటంగా, అదే గ్రూప్‌లో "ఇది టెస్ట్ డేటా పొరపాటు, వెనక్కి తీసుకుంటున్నాను" అని రాయి.

ఆ రిలీజ్ సమ్మరీని తిరగరాసి, ఎవరికీ పంపకముందు నాకొకసారి పంపు. పరీక్షించని 80 కేసులు మొదటి పేరాలో లేకపోతే వెనక్కి పంపిస్తాను.

మీ అన్నయ్య