దీవిలో బీరు కంపెనీ పెడతానంటున్న అబ్బాయి

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ బయోటెక్నాలజీ చివరి సంవత్సరం. ఎడిన్‌బరోలో బ్రూయింగ్ ఎమ్మెస్సీ చేస్తానంటున్నాడు. ఆ తర్వాత స్కాట్లాండ్ దీవుల్లో చిన్న ఎత్తున బీరు కాచే ఏదైనా క్రాఫ్ట్ బ్రూవరీలో చేరి, పదేళ్లకి సొంతంగా ఒకటి పెట్టుకుంటాడట. చుట్టాలు ‘బీరు కాచే చదువా?’ అంటున్నారు. లోన్ తీసుకుని పంపొచ్చా?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: అయ్యా, ముందు చుట్టాల మాట పక్కన పెట్టండి. హెరియట్-వాట్ యూనివర్సిటీలో ఉన్న ఈ కోర్సు ఏడాది పాటు గట్టిగా చదవాల్సిన సైన్సు. ఈస్ట్ ఎలా బతుకుతుంది, మాల్ట్‌లోని, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీలోని పిండిపదార్థం ఏ వేడి దగ్గర చక్కెరగా మారుతుంది, ట్యాంకులో బాక్టీరియా చేరకుండా ఎలా చూడాలి, ఇవన్నీ నేర్పుతారు. బయోటెక్ చదివిన పిల్లాడికి సరిగ్గా అతికే చదువు. దాని గురించి నాకు బెంగ లేదు. నాకున్న టెన్షనంతా ఆ ‘దీవి’ గురించే.

దీవిలో బీరు తయారు చేయడం కష్టం కాదు, దాన్ని ఒడ్డు దాటించడమే కష్టం. ఆర్క్నీ దీవుల్లో 1988లో మొదలైన ఆర్క్నీ బ్రూవరీని తీసుకోండి. క్వైలూ అనే పల్లెలో పాత బడి భవనంలో నడుస్తుంది. అలాంటి చోటికి మాల్ట్, సీసాలు, బీరుకి చేదు తెచ్చే హాప్స్ పూలు, పాడైన పంపుకి కావలసిన చిన్న భాగం, అన్నీ ఓడెక్కి రావాలి. తయారైన బీరూ ఓడెక్కే వెళ్లాలి. పబ్బులకి పంపే పీపా ఒక్కోటి 9 గ్యాలన్లు, అంటే 41 లీటర్లు. నిండా ఉంటే 50 కిలోల పైమాటే. ఖాళీ అయ్యాక అది మళ్లీ దీవికి తిరిగి రావాలి, దానికీ కిరాయి కట్టాలి. చలికాలం గాలివానలో ఫెర్రీ ఆగిపోతే సరుకు రేవులోనే ఉండిపోతుంది. పీపాలో ఈస్ట్ ఇంకా బతికే ఉండే ఆ బీరు కొన్ని వారాలకి మించి నిలవదు.

ఇక అమ్మకం. కొలన్సే అనే దీవిలో జనాభా 120కి కాస్త అటూ ఇటూ. అక్కడ కూడా 2007లో ఒక బ్రూవరీ పెట్టారు. ఊళ్లో వాళ్లే తాగితే ఎన్ని లీటర్లు అమ్ముడుపోతాయి? అందుకే దీవి బ్రూవరీలు వేసవిలో వచ్చే పర్యాటకుల మీద ఆధారపడతాయి. ఆర్క్నీ బ్రూవరీ వాళ్లు 2012లో ఆ బడి భవనాన్నే బాగుచేసి సందర్శకుల కేంద్రం తెరిచారు. మనిషి దీవికి వచ్చి అక్కడే కొనుక్కుంటే ఓడ కిరాయి ఆయనే పెట్టుకున్నట్టు కదా! నా లెక్కలో దీవిలో పెరగడానికి మంచి దారి అదే. పెద్ద ట్యాంకులు కొనడం ఆ తర్వాతి మాట. పైగా బ్రిటన్‌లో చిన్న ఉత్పత్తిదారులకి పన్నులో ఇచ్చే రాయితీ ఉత్పత్తి పెరిగే కొద్దీ తగ్గిపోతుంది. ఎక్కువ కాచినంత మాత్రాన ఎక్కువ మిగలదు. ఇది మీ అబ్బాయి ఇప్పటినుంచే కాగితం మీద వేసి చూసుకోవాల్సిన లెక్క.

వీసా సంగతి ఇంకా ముఖ్యం. లోన్ మీరు తీరుస్తారు కాబట్టి ఇది మీరే శ్రద్ధగా చదవండి. చదువయ్యాక ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా ఇప్పుడు రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే డిగ్రీ, పీజీ వాళ్లకి 18 నెలలే. ఆ తర్వాత స్కిల్డ్ వర్కర్ వీసా కావాలంటే విదేశీయుల్ని పనిలో పెట్టుకునే స్పాన్సర్ లైసెన్సు ఉన్న కంపెనీ దొరకాలి, మామూలుగా ఏడాదికి 41,700 పౌండ్ల జీతం ఉండాలి. కొత్తగా చదువు ముగించిన వాళ్లకి ఈ పరిమితి కొంత తక్కువే, కానీ అది కొన్నాళ్ల వరకే. నలుగురైదుగురు పనిచేసే దీవి బ్రూవరీ అంత జీతం ఇవ్వగలదని నేను అనుకోను. దీవి మీద ఆశతో లోన్ తీయడం నాకు భయంగా ఉంది. కానీ అదే డిగ్రీలో డిస్టిల్లింగ్, అంటే విస్కీలాంటివి బట్టీ పట్టే చదువు కూడా ఉంది. విస్కీ కంపెనీలు, పెద్ద బ్రూవరీలు, మాల్ట్ తయారు చేసే సంస్థలు, అటు నుంచి బెంగళూరు, గోవాల్లోని సింగిల్ మాల్ట్ విస్కీ డిస్టిలరీలు కూడా ఆ డిగ్రీ చూస్తాయి. లోన్ తీర్చే దారి అక్కడుంది. దీవిలో ఒక వేసవి పనిచేసి నేర్చుకోవచ్చు.

అయితే నా సలహా, ఈ ఏడాది పంపకండి. ముందు హైదరాబాద్‌లో అక్కడే బీరు కాచి అక్కడే అమ్మే ఏదైనా మైక్రోబ్రూవరీలో ఏడాది పనిచేయనివ్వండి. తెలంగాణలో వీటికి 2015లో నిబంధనలు వచ్చాయి, ఇప్పుడు నగరంలో చాలానే ఉన్నాయి. పని చేస్తూనే లండన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్రూయింగ్ అండ్ డిస్టిల్లింగ్ వారి జనరల్ సర్టిఫికెట్ పరీక్షకి చదువుకోవచ్చు. ఎమ్మెస్సీ ఫీజుతో పోలిస్తే దాని ఖర్చు చాలా తక్కువ.

ఎందుకంత పట్టుబడుతున్నానంటే, నా సలహా మీద అలా చేరిన ఒక అబ్బాయిని చూడ్డానికి ఒకసారి వెళ్లాను. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు వేసుకుని, తొట్టి తలుపు తెరిచి వేడి మాల్ట్ పిప్పిని పారతో లాగుతున్నాడు. ఉడికిన జావ వాసన. ఆవిరికి కళ్లద్దాలు మసకబారితే చొక్కా అంచుతో తుడుచుకుంటున్నాడు. పొద్దున్నుంచి అతను బీరు ‘తయారు చేసింది’ రెండు గంటలే, మిగతాదంతా ట్యాంకులు, గొట్టాలు కడగడమే. కాస్టిక్ సోడాతో ఒకసారి, నీళ్లతో, మళ్లీ క్రిమిసంహారకంతో. ‘సార్, నాకు ఇదే నచ్చింది’ అన్నాడు. ఆ మాట వినే అతన్ని పై చదువుకి పంపమని వాళ్ల ఇంట్లో చెప్పాను.

ఇంకొకటి మీరిద్దరూ కూర్చుని తెరిచి మాట్లాడుకోండి. రోజూ మద్యం మధ్య పనిచేసే వాడికి రుచి చూసి గ్లాసు పక్కన పెట్టగల నిగ్రహం ఉండాలి. ఇంట్లో తాగుడు సమస్య ఎవరికైనా ఉండి ఉంటే దాచకుండా అబ్బాయికి చెప్పండి, నిర్ణయం తెలిసి తీసుకుంటాడు.

ఏడాది తర్వాత కూడా పిప్పి లాగడం, గొట్టాలు కడగడం విసుగనిపించకపోతే, ఆ యజమాని అనుమతితో ఒక నెల జమాఖర్చులు రాసి తెచ్చుకోమనండి: మాల్ట్, కరెంటు, ఎక్సైజ్, పారబోసిన బీరు, అన్నీ. ఆ కాగితం నాకు పంపండి. లోన్ ఎంత తీయాలో అప్పుడు కలిసి తేల్చుకుందాం.