ఆరేళ్ళ పెట్టకు పొట్ట ఉబ్బింది, ఏం చేయాలి?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా మావయ్యగారు పోయే ముందు ఏడాది తెచ్చిన గ్రామప్రియ కోడిపిల్లల్లో ఒక్క పెట్టే మిగిలింది. దానికి ఆరేళ్ళు నిండాయి. రాత్రిళ్ళు వసారాలో, లైటు కింద గంపలో పడుకుంటుంది. కొబ్బరి కోరంటే ప్రాణం. నిరుడు దాకా అడపాదడపా గుడ్డు పెట్టేది. ఈమధ్య రెండుసార్లు తోలుగుడ్డు వేసింది. పది రోజులుగా పొట్ట కింద నీళ్ళ సంచి వేలాడుతున్నట్టుంది, కాళ్ళు ఎడంగా వేసి నిటారుగా నడుస్తోంది. గుడ్డు అడ్డం పడిందని, ఆముదం రాసి నొక్కమని పక్కింటివాళ్ళు అంటున్నారు. కోసేయమని ఇంకొందరు. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఆ పొట్టను ఎవరినీ నొక్కనివ్వకండి. వెల్లకిలా పడుకోబెట్టకండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనొక పెట్టను అలాగే తిప్పి పొట్ట తడిమాను. నా చేతుల్లోనే ఊపిరి వదిలింది. పక్షులకు మనలా డయాఫ్రమ్, అంటే ఛాతీకీ కడుపుకీ మధ్య అడ్డుగా ఉండే కండర పొర, ఉండదు. కడుపులో నీరు చేరితే ఆ బరువంతా ఊపిరి ఆడించే గాలి సంచుల మీద పడుతుంది. ఇన్నేళ్ళయినా ఆ పెట్ట నాకు గుర్తే.

నిజంగా గుడ్డు ఇరుక్కున్న పెట్ట పది రోజులు ఇలా తిరగలేదు. ఈకలు ఉబ్బించుకుని మూల కూర్చుంటుంది, తోక ఆడిస్తూ ముక్కుతుంది. దానికైతే గోరువెచ్చని నీళ్ళలో పావుగంట కూర్చోబెట్టడం, కాల్షియం ఇవ్వడం పనికొస్తాయి. మీ పెట్ట సంగతి వేరని నా అనుమానం. పెట్టకు పనిచేసేది ఎడమవైపు అండాశయం, ఎడమవైపు గుడ్డు గొట్టం మాత్రమే. అండాశయం నుంచి జారిన సొన ఆ గొట్టంలోకి వెళ్ళాలి. గొట్టం వాచినా, లోపల గడ్డ ఉన్నా సొన దారి తప్పి కడుపులో పడుతుంది. ఎప్పుడో ఒకటి పడితే ఒళ్ళు ఇముడ్చుకుంటుంది. పదే పదే పడి, క్రిములు చేరితే చీము, నీరు పడతాయి. అండాశయంలో క్యాన్సర్ వచ్చినా పొట్ట ఇలాగే ఉబ్బుతుంది, ముసలి పెట్టల్లో అది అరుదేమీ కాదు. గ్రామప్రియ గుడ్ల కోసం తయారుచేసిన రకం, నాటు పెట్ట కంటే చాలా ఎక్కువ పెడుతుంది. ఆ గొట్టం అంత చాకిరీ చేసింది మరి.

ఏది ఉందో పైనుంచి చూసి చెప్పలేం. మండలంలోని పశువైద్యశాలకు గంపలో గడ్డి పరిచి, నిలబడగలిగేలా తీసుకెళ్ళండి. నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే రేపటి దాకా ఆగొద్దు. సూదితో కొంత నీరు తీస్తే ఊపిరి తేలికవుతుంది. ఒక్కసారే మొత్తం తీయరు, నీరసించి పడిపోతుంది. ఎక్స్‌రే, స్కానింగ్ కావాలంటే గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. మన వైపు చేపల, రొయ్యల చెరువుల మందుల షాపులు వీధికొకటి ఉంటాయి. అక్కడ అడిగి యాంటీబయాటిక్ పొడి తెచ్చి పోయకండి. ఏ మందు, ఎన్ని రోజులు అన్నది డాక్టరే చెప్పాలి. ఆ రోజుల్లో గుడ్డు పెట్టినా తినకూడదు. కోసి తినే మాట అసలే వద్దు.

ఇంట్లో చేయాల్సింది కొంత ఉంది. ముందు ఆ వసారా లైటు. వెలుగు ఎక్కువసేపు ఉంటే పెట్ట ఒళ్ళు గుడ్డు తయారుచేయాలనే చూస్తుంది. పొద్దుగూకగానే గంపను గాలి ఆడే చీకటి గదిలోకి మార్చండి. కొబ్బరి కోరు మానిపించండి, ప్రేమగా పెట్టారని తెలుసు, కానీ లోపల కొవ్వు పేరుకుంటే గొట్టానికి ఇంకా ఇబ్బంది. నూకలు తగ్గించి, తోటకూర, ఉడికించిన గుడ్డు కొంచెం పెట్టండి. నలగ్గొట్టిన ఆల్చిప్ప మేతలో కలపకండి, గుడ్డు పెట్టని పెట్టకు ఎక్కువ కాల్షియం మూత్రపిండాలకు చేటు. విడిగా చిన్న మూకుడులో ఉంచితే కావలసినంత తింటుంది. వెనక భాగం రెట్టతో తడిసి ఉంటే గోరువెచ్చని నీళ్ళతో కడిగి పూర్తిగా ఆరబెట్టండి, లేకపోతే ఈగలు వాలి పురుగు పడుతుంది.

తగ్గుతుందా అంటే, ఈ వయసులో పూర్తిగా తగ్గేవి తక్కువ. నీరు తీయించి, మందు వాడితే కొన్ని నెలలు హాయిగా తిరిగిన పెట్టలను చూశాను. మేత మానేసి, కళ్ళు మూసుకుని అలాగే ఉండిపోతే మాత్రం నొప్పి లేకుండా పంపేయమని డాక్టరును అడగండి. అందులో తప్పు లేదమ్మా. ఈలోగా రోజూ పొద్దున్నే వంటింటి త్రాసు మీద బరువు చూసి రాయండి. డాక్టరు దగ్గరికి ఆ కాగితం పట్టుకెళ్ళండి. నాకూ రాయండి, ఈసారి పెట్ట పేరుతో సహా.