డాబా ఎక్కే ముందు

చిట్టితల్లీ,

వైశాఖ అమావాస్య రాత్రి నీ బడి పిల్లలు పన్నెండు మందికి మన ఊరి డాబా మీద చుక్కలు చూపిస్తావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. కడుపు నిండిపోయింది. పడుకున్నాక మాత్రం టెన్షన్ పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

తొమ్మిదింటికల్లా కళ్లు చీకటికి అలవాటు పడి ఉండాలి, అరగంట ముందే దీపాలు ఆర్పించు. టార్చికి ఎర్ర కాగితం కట్టు. సప్తర్షుల తోక వంపు వెంట వెళ్తే నారింజ రంగు స్వాతి, అదే వంపులో ఇంకా దక్షిణానికి సాగితే తెల్లటి చిత్త. స్వాతి వెలుగు మన దాకా రావడానికి 37 ఏళ్లు పడుతుందని చెప్పు, మీ అమ్మ పెళ్లికి ముందు బయలుదేరిందన్నమాట. ఆగ్నేయంలో ఎర్రగా జ్యేష్ఠ, దాని చుట్టూ వృశ్చికం.

ఇక త్రిశంకు, శిలువలా ఉండే నాలుగు చుక్కలు. తొమ్మిదింటికి సరిగ్గా దక్షిణాన, చేయి చాచి చూస్తే నేలకు పిడికిలిన్నర ఎత్తు కూడా ఉండదు. కొబ్బరిచెట్లు అడ్డం. నా భయమంతా అక్కడే.

1968 వేసవి. నాకు పద్నాలుగు, మీ చిన్నతాతయ్యకు పది. అప్పట్లో డాబాకు పిట్టగోడ లేదు. "అన్నయ్యా, మట్ట అడ్డొస్తోంది" అన్నాడు. "ఇంకాస్త వెనక్కి జరగరా" అన్నాను. జరిగాడు. నేను ఆకాశం మీంచి చూపు తిప్పకుండానే "కనిపించిందా?" అన్నాను. జవాబు లేదు.

కింద గడ్డివాము ఉండబట్టి ప్రాణం దక్కింది. మోచెయ్యి విరిగింది, మళ్లీ పూర్తిగా చాచలేకపోయాడు. పెళ్లిలో అరుంధతిని చూపించమని పురోహితుడు అంటే చెయ్యి ఎత్తాడు. వేలు పందిరి రాట దగ్గరే ఆగిపోయింది. మీ చిన్నమ్మమ్మ వాడి మోచేతి కింద తన చెయ్యి పెట్టి పైకెత్తింది. నేను అక్కడ నిలబడలేక వంటల వైపు వెళ్లిపోయాను. వాడు మాత్రం ఇన్నేళ్లలో ఒక్క మాట అనలేదు.

ఇప్పుడున్న పిట్టగోడ మోకాలెత్తే. గోడ ఉందిలే అని ధీమా పడితే ఊరుకోను. పగలే ఎక్కి, అంచుకు నాలుగడుగుల లోపల సుద్దతో గీత గీయి. చాపలు పరిచి పడుకోబెట్టు, పడుకున్నవాళ్ల అడుగు వెనక్కి పడదు. త్రిశంకును ఒక్కొక్కరికీ చెయ్యి పట్టుకుని చూపించు. ఎవరినీ వెనక్కి జరగమనకు తల్లీ, పక్కకు జరగమను.

నేనూ వస్తాను. చిన్నతాతయ్యను తీసుకొస్తాను. ఆ రాత్రి తర్వాత వాడు ఆ డాబా ఎక్కలేదు, త్రిశంకును చూడనూ లేదు. పిల్లలందరి వంతూ అయ్యాక వాడి చెయ్యి నేను పట్టుకుంటాను.

మీ తాతయ్య