సాఫ్ట్‌నర్ పెట్టించినా టీడీఎస్ ఎందుకు తగ్గలేదు?

ప్రశ్న: ఇంట్లో వాటర్ సాఫ్ట్‌నర్ పెట్టించాం. సబ్బు బాగానే నురగొస్తోంది కానీ టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) మీటర్ ముంచి చూస్తే ముందు ఎంత ఉందో ఇప్పుడూ ఇంచుమించు అంతే. మిషన్ పనిచేస్తున్నట్టా లేనట్టా? పైగా ఉప్పు పోస్తుండాలట, ఉప్పు కలిపితే నీళ్లు మంచివెలా అవుతాయండీ?

జవాబు: పనిచేస్తోందండీ, నురగొస్తోందని మీరే అన్నారుగా. మీటర్‌ది వేరే లెక్క, నీళ్లలోంచి కరెంటు ఎంత పోతోందో చూసి లవణాలు మొత్తం ఇన్ని అని అంచనా చెప్తుంది తప్ప అవి ఏ లవణాలో దానికి తెలీదు. సాఫ్ట్‌నరేమో లవణాల్ని తీసెయ్యదు, ఒకదాని బదులు ఇంకోటి పెడుతుంది.

ఆ ట్యాంకులో సన్నటి ప్లాస్టిక్ పూసలుంటాయి, రెజిన్ అంటారు. వాటికి నెగటివ్ ఛార్జ్, దాన్ని అంటిపెట్టుకుని సోడియం అయాన్లు, అంటే పాజిటివ్ ఛార్జ్ ఉన్న సోడియం కణాలు. నీళ్లలో వచ్చే కాల్షియం, మెగ్నీషియంలకి రెండేసి పాజిటివ్ ఛార్జీలు కాబట్టి పూస వాటిని ఇంకా గట్టిగా పట్టుకుని సోడియంని వదిలేస్తుంది, ఒక్క కాల్షియంకి రెండు సోడియంల చొప్పున. అంటే 40 గ్రాముల కాల్షియం పోతే 46 గ్రాముల సోడియం వచ్చి చేరుతుంది, ఇంక టీడీఎస్ ఎక్కడ తగ్గుతుంది చెప్పండి! కాకపోతే సోడియం సబ్బుతో కలిసి తెట్టు కట్టదు, గీజర్లో గారపట్టదు, మనకి కావాల్సింది అదేగా.

ఇక ఉప్పు సంగతి. అది మీ కుళాయి నీళ్లలో కలపడానికి కాదు, పూసల్ని కడగడానికి. పూసలన్నీ కాల్షియంతో నిండిపోయాక ఇంచుమించు 10 శాతం ఉప్పునీళ్లు పంపిస్తారు, పూసకి కాల్షియమే ఎక్కువ ఇష్టమైనా సోడియం అంత గుంపుగా వచ్చి పడితే వదలక తప్పదు, ఆ కాల్షియం కాస్తా డ్రైన్‌లోకి పోతుంది. తర్వాత మంచినీళ్లతో రిన్స్ అవ్వాలి, కుళాయి నీళ్లు ఉప్పగా తగిలితే ఆ రిన్స్ సరిగ్గా అవ్వట్లేదేమో చూపించుకోండి.

మీటర్ పక్కన పెట్టి హార్డ్‌నెస్ టెస్ట్ కిట్ (కాల్షియం, మెగ్నీషియం ఎంతున్నాయో చూపించేది) కొనుక్కోండి, సాఫ్ట్‌నర్‌కి ముందు నీళ్లు, తర్వాత నీళ్లు రెండూ చూస్తే తేడా తెలిసిపోతుంది. ఇంట్లో ఎవరికైనా డాక్టర్ ఉప్పు తగ్గించమని చెప్పుంటే మాత్రం తాగే నీళ్ల కుళాయికి సాఫ్ట్‌నర్ తగలకుండా వేరే లైన్ పెట్టించుకోండి. నీళ్లలో ఇనుము ఎక్కువుంటే కూడా జాగ్రత్త, ఆ తుప్పు పూసలకి పట్టేసిందంటే ఉప్పుతో ఒక పట్టాన వదలదు.